జీ-కోడ్‌కి దిష్టి చుక్క

పసిపాపకి దిష్టి తగలకుండా బుగ్గ మీద నల్లచుక్క పెడతారు కదా. మా బావ అంకెలకి పెడతాడు. పెట్టి ఊరుకోడు, పైకి చదువుతాడు కూడా. "ఎక్స్ ఇరవై చుక్క. వై మైనస్ పదిహేను చుక్క. జెడ్ వంద చుక్క." కళ్లు మూసుకుని వింటే ఎవరో పంతులుగారు సంకల్పం చెబుతున్నట్టే ఉంటుంది. కళ్లు తెరిస్తే ఎదురుగా ఆయిల్ మరకల టీషర్టులో మా బావ, కంప్యూటర్ స్క్రీనూ!

బావ అంటే మా అక్క మొగుడు. బాలానగర్‌లో ఒక చిన్న షాపులో సీఎన్‌సీ ప్రోగ్రామర్. ఇక్కడ షాపంటే కిరాణా షాపు కాదు, జాబ్ షాపు. ఎవరైనా డ్రాయింగ్ తెచ్చిస్తే ఆ పార్టుని ఇనుములోనో అల్యూమినియంలోనో కోసి ఇచ్చే చోటు. నాలుగు మెషీన్లు, పధ్నాలుగు మంది మనుషులు, ఒకే ఒక్క ఏసీ గది. ఆ గదిలో బావ, బావ కంప్యూటర్, గోడకి పోయినేడాది క్యాలెండర్.

నేనూ బీటెక్ మెకానికలే. వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఒక ఇనప ముక్కని ఫైలుతో రుద్ది రుద్ది చతురస్రం చేయమంటే, దాన్ని ట్రాపీజియం చేసి మార్కులు తెచ్చుకున్న బ్యాచ్. ఫైనలియర్‌లో అందరూ జావా కోర్సుకి పోతే నేనూ పోయా. ఇప్పుడు మాదాపూర్‌లో బ్యాకెండ్ రాస్తున్నా. మీలో సగం మంది కథ ఇదే అని నాకు తెలుసు, నవ్వకండి.

రెండు నెలల కింద బావ ఫోన్ చేశాడు. మామూలుగా అయితే "ఏం బామ్మర్దీ, బిర్యానీ ఎప్పుడు?" అంటాడు. ఆ రోజు అలా అనలేదు. "పైథాన్ నేర్చుకుంటే నాకు మీ దిక్కు జాబ్ వస్తదారా?" అన్నాడు.

బావకి ఈ పనిలో తొమ్మిదేళ్ల అనుభవం. నాకు ఐదేళ్లు. జీతం మాత్రం నాదే ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. ఏం చెప్పాలో తెలియక, "శనివారం నీ దగ్గరికే వస్తా బావా. నువ్వు చేసేది చూస్తే రెజ్యూమె రాయొచ్చు" అన్నా. అలా ఆ శనివారం పొద్దున ఏడున్నరకి బాలానగర్ ఫ్లైఓవర్ దిగా.

మెషీన్‌కి సుప్రభాతం

వెళ్లేసరికి మెషీన్ ఖాళీగా తిరుగుతోంది. కోయడానికి ఏమీ లేదు. స్పిండిల్ ఒక్కటే మెల్లగా, తర్వాత కొంచెం జోరుగా, తర్వాత ఇంకా జోరుగా తిరుగుతోంది. "కరెంట్ దండగ కదా బావా?" అన్నా.

"నువ్వు పొద్దున లేవగానే చాయ్ తాగకుండ పని చేస్తవా?" అన్నాడు.

విషయం ఏంటంటే, మీటరు పొడవున్న ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది అనుకుంటే అది చాలా తక్కువే. కానీ 10 మైక్రాన్ల తేడా వచ్చినా పార్టు రిజెక్ట్ చేసే కస్టమర్లు ఉంటారు. చల్లటి స్పిండిల్‌తో పొద్దున చేసిన పార్టుకీ, వేడెక్కాక మధ్యాహ్నం చేసిన పార్టుకీ తేడా వస్తుంది. అందుకే ముందు పదిహేను నిమిషాలు ఊరికే తిప్పి, ఒంట్లో వేడి పుట్టించి, అప్పుడు పని మొదలుపెడతారు.

చూడ్డానికి మొక్కుబడిలా ఉంది. లోపల ఫిజిక్స్ ఉంది. ఆ రోజంతా నాకు ఇదే ఎదురైంది.

మొదట 'శ్రీరామ'

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పార్టు బొమ్మని ముందు క్యాడ్‌లో గీస్తారు. ఆ బొమ్మని లోహంలోంచి ఎలా చెక్కాలి, ఏ టూల్ ఏ దారిలో, ఎంత స్పీడులో వెళ్లాలి అనేది క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో ప్లాన్ చేస్తారు. మాస్టర్‌క్యామ్, ఫ్యూజన్, ఎన్ఎక్స్ లాంటివి ఇందుకే. చివరికి పోస్ట్ ప్రాసెసర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ ప్లాన్‌ని మెషీన్‌కి అర్థమయ్యే యాసలోకి మారుస్తుంది. అదే జీ-కోడ్. జీ00 అంటే ఉరుకు. జీ01 అంటే కోసుకుంటూ నెమ్మదిగా నడువు. ఎం30 అంటే ఇక చాలు, ప్రోగ్రామ్ అయిపోయింది.

1952లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు అంకెలతో నడిచే మిల్లింగ్ మెషీన్‌ని చూపించినప్పుడు ప్రోగ్రామ్ చిల్లులు పెట్టిన టేపు మీద ఉండేది. అంకెలతో మెషీన్ నడపాలన్న ఆలోచన వెనక జాన్ పార్సన్స్ అనే ఆయన ఉన్నాడు. తర్వాత వచ్చిన టేపుల్లో శాతం గుర్తు ఉండేది, రీడర్ టేపుని వెనక్కి చుట్టేటప్పుడు ఎక్కడ ఆగాలో చెప్పడానికి. ఆ టేపులు పోయి ఎంత కాలమైందో! ఈ రోజుకీ బావ ప్రోగ్రామ్ శాతం గుర్తుతో మొదలై శాతం గుర్తుతోనే ముగుస్తుంది. పెన్‌డ్రైవ్‌కి చుట్టుకునేది ఏముంది చెప్పండి? అయినా పెడతారు. చాలా మెషీన్లు అది లేకపోతే ఫైలు తీసుకోవు కూడా.

ఆ గుర్తు తర్వాత ఇంకో లైన్. జీ21, జీ17, జీ40, జీ49, జీ80, జీ90. ప్రతి ప్రోగ్రామ్‌లో ఇదే వరస. మనం కాగితం పైన 'శ్రీరామ' రాసినట్టు.

"ఇది ఏం చేస్తది బావా?"

"ఏం చెయ్యది. ఇంతకుముందోడు ఏమన్న చేసి పోతే అది తుడిచేస్తది."

జీ21 అంటే కొలతలు మిల్లీమీటర్లలో, జీ90 అంటే అన్ని దూరాలూ ఒకే మూలబిందువు నుంచి, జీ40, జీ49, జీ80 అంటే పాత ఆఫ్‌సెట్లు, పాత డ్రిల్లింగ్ సైకిళ్లు రద్దు. మెషీన్‌కి మతిమరుపు ఉండదు. నిన్న రాత్రి ఎవరో పెట్టిన మోడ్ ఈ రోజు పొద్దున కూడా అలాగే ఉండొచ్చు. కాబట్టి ముందు స్లేటు తుడవాలి. సాఫ్ట్‌వేర్‌లో మనం దీన్ని ఇనిషియలైజేషన్ అంటాం. అని సగం సార్లు మర్చిపోతాం.

ముట్టుకోకూడని ఫైలు

బావ డెస్క్‌టాప్ చూసి నా ప్రాణం లేచొచ్చింది. అచ్చం మన లోకమే. 'బ్రాకెట్_ఫైనల్', 'బ్రాకెట్_ఫైనల్_2', 'బ్రాకెట్_ఓకే', 'బ్రాకెట్_ఓకే_ఇదే_వాడు'. వీటిలో ఏది వాడతారని అడిగితే, "నాలుగోది కాదు, రెండోది" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

పోస్ట్ ప్రాసెసర్ ఫైలుకైతే వేరే మర్యాద. ఎప్పుడో మానేసి వెళ్లిపోయిన ఒక సీనియర్ దాన్ని ఈ మెషీన్‌కి తగ్గట్టు మార్చాడట. అందులో ఏముందో ఇప్పుడు ఎవరికీ పూర్తిగా తెలియదు. అది పని చేస్తోంది, అంతే. క్యామ్ కొత్త వెర్షన్ వచ్చిందని స్క్రీన్ మీద అడుగుతూనే ఉంటుంది. బావ ప్రతి రోజూ 'తర్వాత' నొక్కుతాడు. జాబ్ నడుస్తుండగా అప్‌డేట్ చేయడం ఇక్కడ అమావాస్య రోజు ప్రయాణం లాంటిది.

సిమ్యులేషన్ రెండు సార్లు చూస్తాడు. మొదటిసారి కోత చూడ్డానికి. రెండోసారి కోయని చోట్లు చూడ్డానికి. ఆయన వాడే ఫ్యూజన్‌లో కోసే దారి నీలం గీతల్లో, ఖాళీగా ఉరికే దారి పసుపు గీతల్లో ఉంటుంది. అందరూ నీలం చూస్తారు, దెబ్బ తగిలేది పసుపులో అంటాడు. ఉరికే స్పీడు మెషీన్‌ని బట్టి నిమిషానికి 30 మీటర్లు ఉండొచ్చు. అంటే సెకనుకి అర మీటరు. ఏదో తేడాగా ఉందని మీ కన్ను చూసి, మెదడుకి చెప్పి, వేలు బటన్ నొక్కడానికి పావు సెకను పట్టిందనుకోండి. ఈలోపు టూల్ 125 మిల్లీమీటర్లు వెళ్లిపోయి ఉంటుంది. అందుకే కొత్త ప్రోగ్రామ్ అయితే ఉరుకుని 25 శాతానికో, ఇంకా తక్కువకో దించి, సింగిల్ బ్లాక్‌లో పెట్టి, ఒక్కో లైన్ ఒక్కో లైన్ నడిపిస్తారు. ఎడమ చెయ్యి ఫీడ్ హోల్డ్ మీద. ఆ టైంలో షాపులో ఎవరూ మాట్లాడరు. రేడియో కట్టేస్తారు. మొదటి కోత శబ్దం వినాలి. నున్నగా ఒకే శ్రుతిలో ఉంటే సరే. కీచుమంటూ వణికితే టూల్ ఏడుస్తోందని అర్థం.

చుక్క కథ

టీ తాగుతూ అడిగా, "ఆ చుక్కల మంత్రం ఏంటి బావా?"

కాసేపు గ్లాసు వైపు చూశాడు. తర్వాత చెప్పాడు.

అప్పుడు బావ ఇంకో షాపులో కొత్త. ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి వెళ్లేటప్పుడు మధ్యలో ఒక క్లాంప్ ఉంది. డ్రిల్లు దాన్ని తాకకుండా పైకి లేవాలి. క్యామ్‌లో మార్చి మళ్లీ ఫైలు తీయడానికి బద్ధకించి, మెషీన్ దగ్గరే నిలబడి చేత్తో ఒక లైన్ కొట్టాడు. జెడ్ 100. పక్కన చుక్క పెట్టలేదు.

కొన్ని కంట్రోలర్లలో, సెట్టింగ్‌ని బట్టి, చుక్క లేని అంకెని మైక్రాన్లుగా లెక్కేస్తారు. అంటే వంద మిల్లీమీటర్లు కాదు, వంద మైక్రాన్లు. 0.1 మిల్లీమీటరు. డ్రిల్లు పార్టు మీద నుంచి కాగితమంత ఎత్తుకి లేచింది. లేచి, ఫుల్ స్పీడులో పక్కకి ఉరికింది. ఎదురుగా క్లాంప్.

డ్రిల్లు ముక్కలైంది. స్పిండిల్ బేరింగులు పోయాయి. మెషీన్ ఆరు రోజులు ఆగింది. రెండు నెలలు జీతంలో కోత పడింది. "ఆ సప్పుడు ఇప్పటికీ నిద్రల వినిపిస్తదిరా" అన్నాడు.

అక్కడి ఉస్తాద్ మాత్రం తిట్టలేదట. "పోయి చాయ్ తాగి రా" అన్నాడట. వచ్చాక ఒక నోట్‌బుక్ ఇచ్చి, 'జెడ్ 100.' అని వంద సార్లు రాయమన్నాడట, చుక్కతో సహా. ఇంజినీరింగ్ డిప్లొమా చేసిన మనిషి, ఒకటో తరగతి పిల్లాడిలా కూర్చుని రాశాడు.

"క్యామ్ చుక్క మర్చిపోదు. మనం చేత్తో పెట్టిన లైన్లనే మర్చిపోతం" అన్నాడు బావ. ఆ నోట్‌బుక్ పేజీ ఇప్పటికీ ఆయన సొరుగులో ఉంది. నాకు చూపించాడు.

ఆరంగుళాల స్కేలు

పదకొండింటికి అసలు పని వచ్చింది. టైటానియం ఫోర్జింగ్. కస్టమర్ ఇచ్చిన మెటీరియల్. ఒక్కటే పీసు, స్పేర్ లేదు. అప్పటికే నాలుగు ఆపరేషన్లు అయిపోయాయి, ఇది ఐదోది. అంటే ఇప్పుడు పాడైతే ఈ ఒక్క కోత కాదు, ముందు నాలుగింటి కష్టం కూడా పోతుంది.

సిమ్యులేషన్ రెండు సార్లు చూశాడు. ఎక్కడా ఎరుపు లేదు. నేనైతే 'షిప్ ఇట్' అనేవాణ్ని.

బావ ప్రతి కొత్త ప్రోగ్రామ్‌లో ఒక ఆచారం ఉంది. టూల్ మొదట పార్టుకి సరిగ్గా 100 మిల్లీమీటర్ల పైన వచ్చి ఆగాలి. స్పిండిల్ ఇంకా తిరగకముందే ఎం00 పెట్టి ప్రోగ్రామ్‌ని ఆపేస్తాడు. అప్పుడు డోర్ తీసి, జేబులోంచి ఆరంగుళాల స్టీల్ స్కేలు తీసి, టూల్ కొనకీ పార్టుకీ మధ్య నిలబెట్టి చూస్తాడు. వంద ఉంటే స్కేలుకి ముద్దు పెట్టి జేబులో వేసుకుంటాడు. ఆ ముద్దు చూసి నేను నవ్వాపుకున్నా.

ఆ రోజు స్కేలు పెట్టాడు. చూశాడు. తుడిచి మళ్లీ పెట్టాడు. ముద్దు పెట్టలేదు.

డెబ్బై ఉంది.

నాకు అర్థం కాలేదు. అక్కడున్న ఆపరేటర్లకి మాత్రం వెంటనే అర్థమైంది, అందరూ కదలకుండా నిలబడిపోయారు. తర్వాతి లైన్లో టూల్ 2 మిల్లీమీటర్ల ఎత్తుకి ఉరకాలి. అంటే ఇప్పుడున్న చోటు నుంచి 98 మిల్లీమీటర్లు కిందికి. కింద ఉన్న ఖాళీ 70. మిగతా 28 టైటానియంలోకి.

ఏం జరిగిందంటే, రాత్రి షిఫ్టులో ఆ కట్టర్ విరిగింది. కొత్తగా చేరిన పిల్లాడు ఇంకో కట్టర్ బిగించాడు. అది పాతదాని కంటే 30 మిల్లీమీటర్లు బయటికి ఉంది. కొత్త పొడవుని కొలిచి మెషీన్ ఆఫ్‌సెట్‌లో ఎక్కించడం మర్చిపోయాడు. మెషీన్ దృష్టిలో అది ఇంకా పాత కట్టరే. క్యామ్‌కి ఇదంతా తెలిసే దారి లేదు. స్క్రీన్ మీదున్న ప్రపంచంలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆ పిల్లాడు డబుల్ డ్యూటీలో అక్కడే ఉన్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. మొహంలో నెత్తురు చుక్క లేదు. "సార్... నేనే సార్" అన్నాడు.

బావ అరుస్తాడేమో అనుకున్నా. నేనైతే స్లాక్‌లో రెండు పేరాలు పెట్టేవాణ్ని.

"పోయి చాయ్ తాగి రా" అన్నాడు బావ.

వాడు వచ్చాక పక్కన నిలబెట్టుకుని పొడవు కొలిపించాడు, వాడి చేతే అంకె ఎక్కించాడు, వాడి చేతే మళ్లీ నడిపించాడు. ఈసారి స్కేలు కూడా వాడికే ఇచ్చాడు. వంద. వాడు స్కేలు తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకో, నాకు ఇంకోటి ఉంది" అన్నాడు. సొరుగులో చూశాను కదా, ఇంకోటి లేదు.

మరి దండగ ఆచారాలు?

అన్నిటి వెనకా సైన్స్ ఉందని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. స్కేలుకి ముద్దు పెట్టడానికి ఫిజిక్స్ లేదు. ఎం30 పడే దాకా "అయిపోయింది" అనే మాట ఎవరూ అనకూడదన్నదానికి కూడా లేదు. దసరాకి మెషీన్లకి పసుపు, కుంకుమ, బంతిపూల దండలు పెట్టి గుమ్మడికాయ కొడతారు. కానీ అక్కడ కూడా చూడండి, కుంకుమ బొట్టు తలుపు మీదే పెడతారు, లోపల స్లైడ్ల మీద పడనివ్వరు. పొడి పడితే పాడవుతుందని. భక్తిలో కూడా టాలరెన్స్ ఉంది.

"ఇవన్నీ నమ్ముతవా బావా?" అని అడిగా.

"స్కేలు నమ్ముత. ముద్దు పెడితే స్కేలు మర్చిపోనని పెడుత" అన్నాడు.

సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచి రెజ్యూమె మొదలుపెట్టాం. బావ అడిగాడు, "మీ దగ్గర గిట్ల చుక్క మర్చిపోతే ఏమైతది?"

"టికెట్ వస్తది బావా."

"టికెట్ వస్తదా?" నమ్మలేనట్టు చూశాడు. "గంతేనా?"

నాకు ఓ శుక్రవారం గుర్తొచ్చింది. నా తప్పు వల్ల కస్టమర్లకి ఒకే ఎస్ఎంఎస్ మూడేసి సార్లు పోయింది. ఇరవై నిమిషాల్లో రోల్‌బ్యాక్ చేశాం. నవ్వుకున్నాం. సోమవారానికి ఎవరికీ గుర్తు లేదు, నాతో సహా. సాఫ్ట్‌వేర్ తప్పులన్నీ ఇలా తేలిగ్గా పోతాయని కాదు. నావి మాత్రం ఇప్పటిదాకా పోయాయి. నా సొరుగులో ఏ నోట్‌బుక్ పేజీ లేదు. జీతం తేడా ఎందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

ఉద్యోగం మారతాడో లేదో బావ ఇంకా తేల్చుకోలేదు. రాత్రిళ్లు పైథాన్ మాత్రం నేర్చుకుంటున్నాడు. పోయిన ఆదివారం తన మొదటి సొంత ప్రోగ్రామ్ చూపించాడు. ఇరవై లైన్లు. జీ-కోడ్ ఫైలు మొత్తం చదివి ఎక్స్, వై, జెడ్ పక్కన చుక్క లేని అంకె ఎక్కడన్నా ఉంటే ఆ లైన్ చూపిస్తుంది. నిజంగా బాగా రాశాడు. ఒక ఫైలు ఇచ్చి నడిపించాం. తప్పుల్లేవు.

ఆ తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని, అదే ఫైలు తెరిచి మొదటి లైన్ మీద వేలు పెట్టాడు. "ఎక్స్ ఇరవై చుక్క..."

"చూసింది కదా బావా ప్రోగ్రాము!"

"అది చూసింది. నేను ఇంకా చూడలె."

మీ పనిలో మీకున్న 'చుక్క' ఏంటి? దాని వెనక కథ ఉంటే రాసి పంపండి. వచ్చే వారం కలుద్దాం.